ఎలక్ట్రిక్ ఫోర్క్‌లిఫ్ట్‌కి లెడ్ యాసిడ్ బ్యాటరీ మంచిదా, లిథియమా?

ముందు చూడాల్సింది ధర కాదు, బండి రోజుకి ఎన్ని గంటలు తిరుగుతుందన్నది.

ఒక్క షిఫ్టే అయితే లెడ్ యాసిడ్ చాలు. దీని లెక్క ఎప్పటి నుంచో ఒకటే: 8 గంటలు పని, 8 గంటలు ఛార్జింగ్, 8 గంటలు చల్లారడం. అందుకే రెండు మూడు షిఫ్టులు నడిపేచోట అదనపు బ్యాటరీలు, వాటిని మార్చే ఏర్పాటు కావాలి. ఛార్జింగ్‌లో మండే వాయువు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలాడే చోటు తప్పనిసరి.

అసలు తలనొప్పి నీళ్లతో. డిస్టిల్డ్ వాటర్ ఛార్జింగ్ అయ్యాకే పోయాలి. ముందే నిండుగా పోస్తే యాసిడ్ ఉబ్బి మూతల్లోంచి పొర్లుతుంది, ట్రే తుప్పు పడుతుంది. నీళ్లు తగ్గి లోపలి సీసం ప్లేట్లు బయటికి కనిపిస్తుంటే మాత్రం అవి మునిగేంత ముందే పోయాలి. ఈ పని ఎవరిదో తేలని చోట లెడ్ యాసిడ్ కొనకపోవడమే మేలని నా అభిప్రాయం.

లిథియంకి ఆ గొడవ లేదు. భోజన విరామంలో కాసేపు ప్లగ్ పెట్టినా ఏం కాదు. మామూలు లెడ్ యాసిడ్‌కి అదే అలవాటు చేస్తే ఆయుష్షు తగ్గుతుంది. కాకపోతే మొదట్లో పెట్టుబడి బాగా ఎక్కువ, ఛార్జర్ కూడా మార్చాలి. కోల్డ్ స్టోరేజీలో వాడేవాళ్లు హీటర్ ఉన్నదే తీసుకోండి, 0 డిగ్రీల కంటే తక్కువలో ఛార్జ్ చేస్తే సెల్స్ పాడవుతాయి.

పాత బండికి లిథియం వేస్తుంటే ఇంకో మాట. ముందు ఎత్తే సరుకుకి వెనక బ్యాలెన్స్‌లో బ్యాటరీ బరువు కూడా భాగమే. బండి నేమ్‌ప్లేట్ మీద రాసిన కనీస బ్యాటరీ బరువు కంటే కొత్తది తేలికైతే, ఆ తేడాకి ఇనుప దిమ్మలు బిగించాల్సిందే.