జాంగో సైట్ సర్వర్‌లో పెట్టాక సీఎస్ఎస్ రావడం లేదు, ఎందుకు?

ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా ఉన్న జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) సైట్, ఉబుంటు సర్వర్‌లో ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్, జాంగో కోడ్‌ని నడిపే గునికార్న్‌లతో పెట్టేసరికి రంగూ రూపూ లేకుండా వస్తోందని, అడ్మిన్ పేజీ కూడా అంతేనని అడిగారు. నాకూ అచ్చం ఇలాగే అయింది.

మాది ఒంగోలు. చీమకుర్తిలో మా బావకి గ్రానైట్ యార్డ్ ఉంది. ఏ స్లాబ్ ఏ సైజులో ఉందో కొనేవాళ్లకి చూపించడానికి చిన్న సైట్ చేసిచ్చాను. లింక్ పంపిన పది నిమిషాలకే ఫోన్: "ఏంది బామ్మర్దీ, పాలిష్ పట్టని రాయిలాగా ఉందే?"

సెట్టింగ్స్‌లో డీబగ్ ట్రూలో ఉన్నప్పుడు స్టాటిక్ ఫైళ్లు (సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ లాంటివి) ల్యాప్‌టాప్‌లో వాడే రన్‌సర్వరే ఇచ్చేస్తుంది. గునికార్న్ ఇవ్వదు. అందుకే ముందు జాంగో సెట్టింగ్స్‌లో స్టాటిక్ రూట్ (ఫైళ్లు చేరాల్సిన ఫోల్డర్) సెట్ చేసి కలెక్ట్‌స్టాటిక్ కమాండ్ నడపాలి. అడ్మిన్‌వి సహా ఫైళ్లన్నీ ఒక్క ఫోల్డర్లోకి వస్తాయి. ఇంతవరకు అందరూ చేస్తారు, నేనూ చేశాను.

తప్పు ఇంజిన్‌ఎక్స్‌లో చేశాను. దాని కాన్ఫిగ్ ఫైల్లో /స్టాటిక్/ యూఆర్ఎల్ కోసం రాసే లొకేషన్ బ్లాక్‌లో 'రూట్' అని రాశాను. రూట్ రాస్తే ఆ ఫోల్డర్ దారికి యూఆర్ఎల్‌లోని /స్టాటిక్/ కూడా తగులుకుంటుంది. దాంతో నా ఫోల్డర్ లోపల మళ్లీ స్టాటిక్ అనే ఇంకో ఫోల్డర్ కోసం వెతికి, 404 (ఫైలు దొరకలేదు) ఇచ్చింది. అక్కడ 'అలియాస్' రాయాలి. లొకేషన్ చివర స్లాష్ ఉంటే అలియాస్ దారి చివరా ఉండాలి, లేకపోతే ఫోల్డర్ పేరూ లోపలి పేరూ అతుక్కుపోతాయి.

అది సరిచేస్తే 404 పోయి 403 (అనుమతి లేదు) వచ్చింది. అప్పటికి రాత్రి పన్నెండు. టెన్షన్‌లో స్టాటిక్ ఫోల్డర్‌కి 777, అంటే అందరికీ అన్ని పర్మిషన్లూ, ఇచ్చేశాను (మీరు ఆ పని చేయకండి). అయినా అదే 403. ప్రాజెక్టు నా హోమ్ ఫోల్డర్లో ఉంది. ఉబుంటు 21.04 నుంచి కొత్తగా చేసే యూజర్ల హోమ్ ఫోల్డర్‌కి 750 పర్మిషన్ ఉంటుంది, బయటి యూజర్ లోపలికి రాలేడు. ఇంజిన్‌ఎక్స్ నడిచేది డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే వేరే యూజర్‌తో. గేటుకి తాళం వేసి గది తలుపులు బార్లా తీస్తే ఏం లాభం? స్టాటిక్ రూట్‌ని /వార్/ (var) కింద ఉన్న వెబ్ ఫోల్డర్‌కి మార్చి, కలెక్ట్‌స్టాటిక్ మళ్లీ నడిపి, అలియాస్‌లో కూడా ఆ దారే ఇచ్చి రీలోడ్ చేస్తే వచ్చేసింది.

ఇంజిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్ మొదటే తెరిచి ఉంటే ఇదంతా ఐదు నిమిషాల పని. అందులో ఫెయిల్డ్ అనే మాట పక్కన బ్రాకెట్‌లో 2 ఉంటే ఫైలు దొరకలేదని, 13 ఉంటే పర్మిషన్ లేదని.

బావ అప్‌లోడ్ చేసే స్లాబ్ ఫొటోలు మర్నాడు కూడా రాలేదు. అవి మీడియా ఫైళ్లు, కలెక్ట్‌స్టాటిక్ వాటిని ముట్టుకోదు. వాటికి ఇంకో లొకేషన్ బ్లాక్ రాయాలి. మీ లాగ్‌లో 2 ఉందో 13 ఉందో చూసి చెప్పండి.