గ్రీన్‌లాండ్‌లో ఏడాది పోస్టింగ్: వెళ్ళేముందు తేల్చుకోవాల్సినవి

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలోనే పుట్టి పెరిగాడు. వయసు 26. అమెరికా స్పేస్ ఫోర్స్ (అంతరిక్ష దళం)లో సార్జెంట్. గ్రీన్‌లాండ్‌లోని పిటుఫిక్ స్థావరానికి ఏడాది పోస్టింగ్ వచ్చింది, ఇంట్లోవాళ్ళెవరూ వెంట వెళ్ళడానికి లేదట. మేమేమో హైదరాబాద్‌లో సంబంధాలు చూస్తున్నాం. ఆ చలి, ఆ చీకటి తలచుకుంటేనే భయంగా ఉంది. పైగా గ్రీన్‌లాండ్ పేరు రోజూ వార్తల్లో వినిపిస్తోంది. వద్దనడానికి వీలుందా? వెళ్తే ఏమేం సిద్ధం చేసుకోవాలి?
– ఒక తల్లి, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: వద్దనే సంగతి ముందు తేల్చేద్దాం అమ్మా. మీవాడికి వచ్చింది ఆఫర్ లెటర్ కాదు, ఉత్తర్వు. ఇంట్లో ఎవరికైనా ప్రాణాపాయమైన జబ్బు లాంటిది ఉంటే వాయిదా కోసమో, రద్దు కోసమో దరఖాస్తు పెట్టుకోవచ్చు. సర్వీసు గడువు పోస్టింగ్‌కు సరిపడా మిగలకపోతే పొడిగించుకోనని చెప్పే వీలూ ఉంది. కానీ అలా చెప్పినవాళ్ళకు తర్వాత మళ్ళీ ఎన్‌లిస్ట్ అయ్యే (సైన్యంలో కొనసాగడానికి కొత్త గడువుకు సంతకం చేసే) దారి చాలావరకు మూసుకుపోతుంది. చలి, పెళ్లిచూపులు ఏ ఫారంలోనూ కారణాలుగా చెల్లవు. నన్నడిగితే, ఎలాగూ ఒకసారి చేయాల్సిన ఏడాది 26లో, పెళ్లి కాకముందు రావడం నయం. ఇద్దరు చిన్నపిల్లలతో 34లో వచ్చి ఉంటే నా జవాబు వేరేలా ఉండేది.

పిటుఫిక్ అంటే పాత టూలీ ఎయిర్ బేస్. గ్రీన్‌లాండ్ డెన్మార్క్ రాజ్యంలో భాగం కాబట్టి, 1951లో ఆ దేశంతో కుదిరిన రక్షణ ఒప్పందం కింద అమెరికా కట్టింది. 2023 ఏప్రిల్‌లో పేరు మారింది. ఆర్కిటిక్ వలయానికి ఇంకా 1,200 కిలోమీటర్లు ఉత్తరాన, గ్రీన్‌లాండ్ వాయవ్య తీరంలో ఉంది. అక్కడి ప్రధానమైన పని రెండు రకాలు: క్షిపణులు వస్తే ముందుగా కనిపెట్టే పెద్ద రాడార్, ఉపగ్రహాలతో మాట్లాడే ట్రాకింగ్ స్టేషన్. స్పేస్ ఫోర్స్ వాళ్ళ డ్యూటీ ఎక్కువగా గదిలో, తెర ముందు, షిఫ్టుల్లో ఉంటుంది. తుపాకీ పట్టుకుని మంచులో నిలబడే ఉద్యోగం కాదు.

వార్తల సంగతి. 2025 మార్చిలో అమెరికా ఉపాధ్యక్షుడు ఆ స్థావరానికి వెళ్ళొచ్చినప్పటి నుంచి, గ్రీన్‌లాండ్‌ను అమెరికా సొంతం చేసుకోవాలన్న మాట అందరి నోటా మరింత వినిపిస్తోంది. మీవాడి రోజువారీ పనికి ఆ గొడవతో సంబంధం లేదు. కానీ నోరు, ఫోను అదుపులో పెట్టుకోవాలి. అక్కడ అమెరికా సైనికులు సుమారు 150 మందే. వంట, కరెంటు, రోడ్లు, నీళ్ళు చూసుకునే కాంట్రాక్టు సిబ్బందిలో ఎక్కువమంది డెన్మార్క్, గ్రీన్‌లాండ్ వాళ్ళు. స్థావరం కోసం 1953లో ఆ చోటి ఇనుయిట్ (ఆర్కిటిక్ ఆదివాసీ) కుటుంబాలను ఉత్తరాన కానాక్ అనే చోటుకు తరలించారు. ఆ సంగతి అక్కడివాళ్ళు మర్చిపోలేదు. భోజనాల బల్ల దగ్గర ‘గ్రీన్‌లాండ్ ఎవరిది’ అనే చర్చ మొదలైతే ప్లేటు తీసుకుని లేచిపోవడం మంచిది. ఫేస్‌బుక్‌లో అయితే అసలు మొదలుపెట్టకూడదు.

ఇక చలి. ఫిబ్రవరిలో సగటున మైనస్ 25 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. జులైలో 5 డిగ్రీలు దాటితే ఎండాకాలం వచ్చినట్టు. అసలు శత్రువు మాత్రం గాలి. గ్రీన్‌లాండ్ మధ్యలోని మంచు పీఠభూమి మీద గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట సముద్రం వైపు జారుతుంది. 1972 మార్చి 8న ఇక్కడ గంటకు 333 కిలోమీటర్ల వేగం నమోదైంది. అంత రోజూ ఉండదు. అయినా మైనస్ 30లో గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే చర్మానికి అది మైనస్ 47లా తగులుతుంది. కప్పుకోని చెవి, ముక్కు, బుగ్గ 10 నిమిషాలలోపే గడ్డకట్టడం మొదలవుతుంది.

అందుకే తుఫానుకు ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా అని దశలు పెట్టారు. దశ పెరిగేకొద్దీ బయట తిరగడం మీద ఆంక్షలు పెరుగుతాయి. డెల్టా ప్రకటించాక ఎవరు ఎక్కడుంటే అక్కడే. రాడార్ ప్రధాన స్థావరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉంది. వాతావరణం గంటలోపే తిరగబడుతుంది కాబట్టి ఆ దారిలో అక్కడక్కడా తలదాచుకోవడానికి చిన్న షెల్టర్లు కట్టారు. షిఫ్టు అయిపోయినా తుఫాను వల్ల డ్యూటీ చోటే చిక్కుకుపోవడం ఇలాంటి చోట మామూలే. రోజూ వేసుకునే మాత్రలు 3 రోజులకు సరిపడా, ఒక జత లోదుస్తులు, టూత్‌బ్రష్, ఫోన్ చార్జర్ ఒక సంచిలో పెట్టి డ్యూటీ చోటే ఉంచుకోమనండి. నడిచే దూరమే కదా అని గాలిదుమారంలో ఎదుటి భవనానికి బయల్దేరడం కొత్తవాళ్ళు చేసే తప్పు. మంచు పిండిలా లేచినప్పుడు చాచిన చెయ్యి కూడా కనబడదు.

బరువైన పార్కా (టోపీ ఉన్న చలికోటు), బూట్లు, మిట్టెన్లు (నాలుగు వేళ్ళకూ కలిపి ఒకే అర ఉండే చేతి తొడుగులు) సైన్యమే ఇస్తుంది. అవి కొనిపెట్టి డబ్బు వృథా చేయకండి. లోపల వేసుకునేవి మాత్రం సొంతంగా తీసుకెళ్ళాలి: మెరినో ఊలు లోదుస్తులు 3 జతలు, ఊలు సాక్సులు 6 జతలు, మిట్టెన్ల కింద వేసుకునే పల్చటి గ్లవ్స్ 2 జతలు. నూలు బనియన్లు వద్దు. చెమటపడితే నూలు తడిసి ఆరదు, ఆ తడే ఒంట్లో వేడిని లాగేస్తుంది. కళ్ళజోడు ఉంటే ప్లాస్టిక్ ఫ్రేముది ఇంకొకటి చేయించాలి. లోహపు ఫ్రేము చలికి చర్మాన్ని కొరికేస్తుంది. చలిలో ఫోన్ బ్యాటరీ చూస్తుండగానే చచ్చిపోతుంది కాబట్టి ఫోను లోపలి జేబులో, ఒంటికి ఆనించి ఉంచుకోవాలి. గదుల్లో గాలి బాగా పొడిగా ఉంటుంది. పెదాలు పగలడం, ముక్కులోంచి రక్తం రావడం చూసి కంగారుపడకండి. వ్యాజెలిన్, సెలైన్ స్ప్రే చాలు.

చీకటి గురించి మీరు భయపడేది సగమే నిజం. నవంబర్ మొదట్లో అస్తమించిన సూర్యుడు మళ్ళీ కనబడేది ఫిబ్రవరి మధ్యలో. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు చివరి దాకా అసలు అస్తమించడు. నిద్ర రెండు కాలాల్లోనూ పాడవుతుంది. చాలామంది చీకటికి సిద్ధపడి వెళ్ళి, మే నెల వెలుగులో దెబ్బతింటారు. చీకటి కాలంలో లేవగానే పగటి వెలుగును తలపించే 10,000 లక్స్ దీపం ముందు అరగంట, వెలుగు కాలంలో కంటికి మాస్క్, కిటికీకి మందపాటి కర్టెన్. విటమిన్ డి మాత్రలు వెళ్ళేముందు రక్తపరీక్ష చేయించి, డాక్టర్ చెప్పిన మోతాదులోనే వేసుకోవాలి. ఖాళీ సమయానికి ముందే ఒక పని ఒప్పుకోవాలి: జిమ్, ఆన్‌లైన్ డిగ్రీ కోర్సు, స్వచ్ఛంద సేవ, ఏదైనా. ఖాళీ సాయంత్రాలన్నీ క్లబ్బులో బార్ ముందు గడిపేవాడి సర్వీసు రికార్డు ఆ ఏడాదిలోనే పాడవుతుంది. వేసవిలో ఎదురుగా కనిపించే బల్లపరుపు డండాస్ కొండ ఎక్కవచ్చు. ముద్దొచ్చే ఆర్కిటిక్ నక్కలకు తిండి పెట్టడం మాత్రం వద్దు. వాటిలో రేబిస్ ఉంటుంది.

నా మట్టుకు అసలు పరీక్ష చలి కాదు, బయల్దేరడానికి ముందున్న మూడు నెలలు. అక్కడ ఉన్నది చిన్న క్లినిక్. స్పెషలిస్టు కావాలంటే విమానంలో బయటికి తీసుకెళ్ళాలి, దానికి వాతావరణం ఒప్పుకోవాలి. సగం పుచ్చిన పన్ను, అప్పుడప్పుడూ పొడిచే జ్ఞానదంతం, పాత మోకాలి నొప్పి లాంటివన్నీ ఇక్కడే తేల్చుకోవాలి. మెడికల్, డెంటల్ క్లియరెన్స్‌లో ఏదైనా దాచిపెడితే ఇబ్బంది పడేది మీవాడే. వాడే మందులు ఉంటే ఎన్ని నెలలవి ఒకేసారి ఇస్తారో అడిగి, రాసిచ్చిన చీటీ కాపీతో సహా చేతి సంచిలో పెట్టుకోవాలి.

ఒక చేదు విషయం ఇప్పుడే మాట్లాడుకోవాలి. ఇంట్లో ఆపద వస్తే మీరు చేయాల్సింది వాట్సాప్ మెసేజ్ కాదు, అమెరికన్ రెడ్‌క్రాస్‌కు ఫోన్. వాళ్ళు ఆసుపత్రితో మాట్లాడి నిర్ధారించుకుని అతని కమాండర్‌కు సందేశం పంపుతారు, దాని ఆధారంగా ఎమర్జెన్సీ లీవు నిర్ణయిస్తారు. మీవాడి పూర్తి పేరు, ర్యాంకు, పుట్టినతేదీ, యూనిట్ పేరు, ఆసుపత్రి ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఈ లీవుకు లెక్కలోకి వచ్చేది అమ్మానాన్న, తోబుట్టువులు, భార్యాపిల్లలు. తాతయ్య, అమ్మమ్మ, బాబాయి మామూలుగా రారు. చిన్నప్పుడు అమ్మమ్మే పెంచి ఉంటే ఆ సంగతి యూనిట్‌లో ముందే చెప్పి ఉంచాలి. అంతా సవ్యంగా జరిగినా విమానం రోజూ ఉండదు. హైదరాబాద్‌లో ఎవరైనా పోతే మర్నాటి దహనానికి అందుకోలేడు, దశదినకర్మకు అందుకుంటే గొప్ప. పాస్‌పోర్టు, ఇండియా వీసా ఎడిసన్ ఇంటి బీరువాలో కాకుండా అతని దగ్గరే ఉంటే కనీసం ఒక రోజు కలిసొస్తుంది.

మీరు వెళ్ళి చూసిరావడం కుదరదు. ఆ స్థావరంలోకి పౌరులు అడుగుపెట్టాలంటే డెన్మార్క్ అనుమతి కావాలి, కొడుకును చూడటానికని అది రాదు. గడియారం మీకంటే గంట ముందు, అంతే. ఇండియాకు చలికాలంలో తొమ్మిదిన్నర గంటల తేడా: అతని రాత్రి 8 అంటే హైదరాబాద్‌లో తెల్లవారుజామున ఐదున్నర. ఇంటర్నెట్ ఉంటుంది, న్యూజెర్సీ వేగం ఉండదు.

పార్శిళ్ళకు ఏపీఓ (సైనిక తపాలా) చిరునామా ఉంటుంది, దానికి పంపగలిగింది అమెరికా ప్రభుత్వ తపాలా సంస్థ యూఎస్‌పీఎస్ ఒక్కటే. హైదరాబాద్ నుంచి కొరియర్ వెళ్ళదు. మీ దగ్గరికి తెప్పించుకుని, కస్టమ్స్ ఫారం నింపి మీరే పంపాలి. ఒక్కో ఏపీఓ కోడ్‌కు నిషేధాల జాబితా వేరు, పోస్టాఫీసులో అడగండి. మాంసం పచ్చళ్ళు పెట్టకండి. ఆవకాయ సీసాలో వద్దు. పంపాలనే ఉంటే ప్లాస్టిక్ డబ్బాలో పైన రెండు వేళ్ళ మందం ఖాళీ వదిలి, మూతకు టేపు చుట్టి, రెండు జిప్ కవర్లలో పెట్టండి. కందిపొడి, కరివేపాకు పొడి, జంతికలకు ఈ తంటా లేదు. శాకాహారి అయితే అవి నిజంగా అక్కరకొస్తాయి. తాజా కూరగాయలు విమానం మీదే రావాలి. బరువు సరుకులన్నీ మంచు విడిచే వేసవి వారాల్లో ఓడ మీద వస్తాయి. రైస్ కుక్కర్ పంపేముందు గదిలో వాడనిస్తారో లేదో అడగమనండి.

పెళ్లి సంగతికొద్దాం. ఈ పోస్టింగ్‌కు పెళ్ళయినా భార్య వెళ్ళలేదు. తొందరపడి మూడుముళ్ళు వేయించి ఆ అమ్మాయిని ఏడాదిపాటు అత్తారింట్లో కూర్చోబెట్టే ఆలోచన మానుకోండి. అంతకంటే ముఖ్యమైంది: మీవాడి ఉద్యోగానికి సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసే అనుమతి) ఉంటుంది. అమెరికా పౌరసత్వం లేని అమ్మాయితో దగ్గరి పరిచయం, పెళ్లి ఆలోచన రెండూ అతను తన సెక్యూరిటీ ఆఫీసుకు తెలియజేయాలి. మాట ఖాయమయ్యాక కాదు, ఫోన్లో మాట్లాడుకోవడం మొదలై సంగతి ముదురుతున్నప్పుడే. నిశ్చితార్థం ఫొటోలు బయటికొచ్చాక చెబితే దాచినట్టు లెక్క. అమ్మాయివాళ్ళకు కూడా పోస్టింగ్ సంగతి మొదటి మాటలోనే చెప్పేయండి.

చివరగా డబ్బు, తర్వాతి పోస్టింగ్. కష్టప్రాంతపు భత్యం ప్రాంతాన్ని బట్టి నెలకు 50, 100, 150 డాలర్ల శ్రేణుల్లో ఉంటుంది. దాంతో ఎవరూ ధనవంతులైపోరు. మిగిలేది గది అద్దె, కారు ఖర్చు లేకపోవడం వల్ల. అసలు లాభం ఇంకోటుంది. ఇలాంటి ఏడాది పోస్టింగ్‌కు వెళ్ళేవాళ్ళు తిరిగొచ్చాక ఎక్కడికి వెళ్ళాలన్నది ముందే కోరుకునే పథకం ఉంది, దాన్ని హోమ్‌బేసింగ్, ఫాలో-ఆన్ అంటారు. గడువు తక్కువ. ఉత్తర్వు వచ్చిన వారంలోనే దరఖాస్తు పెట్టమనండి. అపార్ట్‌మెంట్ లీజు ఉంటే ఉత్తర్వు కాపీ జతచేసి రాతపూర్వకంగా నోటీసిస్తే, తర్వాతి అద్దె తేదీ నుంచి 30 రోజులకు అది జరిమానా లేకుండా రద్దవుతుంది. చట్టం అతనివైపే ఉంది. కారు తీసుకెళ్ళనివ్వరు కాబట్టి ఒక కారు భద్రపరిచే ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది, ట్రాన్స్‌పోర్టేషన్ ఆఫీసులో అడగాలి. బ్యాంకు, పన్నులు, కారు కాగితాల కోసం మీ పేరున పవర్ ఆఫ్ అటార్నీ రాయించాలి, అన్నింటికీ చెల్లేది కాకుండా ఫలానా పనికి, ఫలానా తేదీ వరకు అని. ఇప్పుడు పనిచేస్తున్న స్థావరంలోని లీగల్ ఆఫీసులో అది ఉచితంగానే రాసిస్తారు.