సమాధానం: బీఎస్సీ ఫిజిక్స్ అయ్యాక ఆర్కిటెక్చర్ కుదురుతుందా?

తమ్ముడూ, బెజవాడలో బీఎస్సీ ఆఖరి ఏడాదిలో ఉన్నానని, ఆర్కిటెక్ట్ అవ్వాలనుందని, "డిజైన్ ఫిలాసఫీ" (ఏ ఆలోచనతో కట్టడాన్ని డిజైన్ చేస్తావన్నది) అడిగితే ఏం చెప్పాలో తెలీదని రాశావు.

ముందు దారి సంగతి. ఇంటర్‌లో ఎంపీసీ కాబట్టి అర్హతకి ఇబ్బంది లేదు. కానీ ఊళ్ళోనే ఉన్న ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లో సీటు జేఈఈ మెయిన్ పేపర్-2 తోనే. ఇంటర్ పాసై మూడేళ్ళయితే ఆ పరీక్ష రాయనివ్వరు. కాబట్టి వేరే ఆర్కిటెక్చర్ కాలేజీల కోసం నాటా అనే ప్రవేశ పరీక్ష రాయి. డిగ్రీ ఉంది కదా అని నేరుగా రెండో ఏడాదిలో చేర్చుకోరు, ఐదేళ్ళూ చదవాల్సిందే. ఇంట్లో ఈ మాట ముందే చెప్పెయ్. తర్వాత కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టరైతేనే ఆర్కిటెక్ట్ అని పెట్టుకోవచ్చు. 1972 చట్టం అది.

ఫిలాసఫీకి పెద్ద మాటలు వెతక్కు. మే నెలలో రాత్రి తొమ్మిదింటికి మీ ఇంటి పడమటి గోడ లోపలివైపు చెయ్యి పెట్టి చూడు, ఇంకా కాలుతూ ఉంటుంది. మధ్యాహ్నం తాగిన ఎండని ఇటుక గంటల తరబడి ఆలస్యంగా లోపలికి వదుల్తుంది. అక్కడ పడగ్గది పెట్టి ఏసీ బిగించడం మనవాళ్ళ అలవాటు. నువ్వైతే అటు మెట్లు, బాత్రూమ్, స్టోర్ పెడతావా? బయట నీడ కల్పిస్తావా? ఎందుకో ఫిజిక్స్‌తో చెప్పగలిగితే అదే నీ ఫిలాసఫీ. లండన్ సెయింట్ పాల్స్ చర్చి కట్టిన క్రిస్టోఫర్ రెన్ అంతకుముందు ఆక్స్‌ఫర్డ్‌లో ఖగోళశాస్త్రం ప్రొఫెసరే.

బొమ్మలు రావంటున్నావు, అది సాధనతో వస్తుంది. రోజూ పెన్సిల్‌తో మీ వీధిలో ఒక్క కిటికీ గీయి, చాలు.