మొప్ప ఎత్తి చూడకుండా ముద్ర వేయకు

అమ్మడూ,

రాష్ట్ర ప్రభుత్వ సంస్థ తరఫున మన తీరం చేపల్ని భువనేశ్వర్, కటక్ దుకాణాలకు చేర్చి అమ్మించే పని నీకొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. రంగైలుండా కాలేజీలో చేపల చదువు చదువుతానన్నప్పుడు "చేపల గురించి కొత్తగా చదివేదేముంది" అని నవ్వినవాళ్ళు ఇప్పుడు నీ నంబరు అడుగుతున్నారట. గోపాలపూర్ ఇసుకలో తట్ట మోసిన ఇంటి పిల్ల ఆఫీసు బండిలో రేవుకి దిగుతుంటే చూడాలని నాకు ఎంత ఆశో నీకు తెలుసు. సంతోషంతో పాటే టెన్షన్ కూడా పట్టుకుంది. అందుకే ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా రాస్తున్నాను. దాచుకో.

తెలిసిన సంగతులు ముందు కానిచ్చేస్తాను. కిలో చేపకి కిలో ఐసు, అదీ మంచినీళ్ళ ఐసు. చేపని ఇసుక మీద పోయనివ్వకు. లైసెన్సు కాగితం లేకుండా ఒక్క పెట్టె కూడా కదలనివ్వకు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు కడలికి వెళ్ళవు. ఋషికుల్య నది మొగ దగ్గర తాబేళ్ళని కాపాడడానికి నవంబరు 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల వరకు వేట నిషేధం. ఆ నెలల్లో ఇంత సరుకు పంపుతామని ఏ దుకాణానికీ మాట ఇవ్వకు. ఇవన్నీ నీకు పాఠాల్లో చెప్పే ఉంటారు.

పాఠాల్లో లేనిది కానాగంతల సంగతి, అదే మీరు మాకెరెల్ అనే చేప. నువ్వప్పుడు పలక పట్టే వయసులో ఉన్నావు. ఒక సంస్థవాళ్ళు మన రేవుకొచ్చారు, పేరు ఇప్పుడెందుకు. ఆడవాళ్ళందరికీ మూత ఉన్న పెట్టెలిచ్చారు. మన తీరం పేరుతో, నీలంరంగు చేప బొమ్మతో సంచులు అచ్చేయించారు. తెల్లారగానే తూకం, సాయంత్రానికి డబ్బు. బరంపురం బజారులో ఎండలో కూర్చుని "అమ్మా, తాజా చేప" అని అరిచే బాధ తప్పిందని మీ అమ్మ గంగమ్మకి మొక్కు కూడా తీర్చింది.

ఒకనాడు నావలు పొద్దెక్కాక గానీ ఒడ్డుకి రాలేదు. కరెంటు పోయి ఐసు ఫ్యాక్టరీ ఆగింది. కానాగంతలు ఎండలో పడి ఉన్నాయి. మీ అమ్మ ఒకదాని మొప్ప ఎత్తింది. ఎరుపు పోయి ఇటుక రంగుకి తిరిగింది. పొట్ట మీద వేలు పెట్టి నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. "బాబూ, ఇవి వద్దు, ఎండబెట్టుకుంటాం" అంది. కొనుగోలు బాబు వినలేదు. లారీ నిండకపోతే పైవాళ్ళు అడుగుతారని అతని భయం. వెచ్చబడ్డ చేపని అడుగున వేసి, ముందు వచ్చిన మంచి చేపని పైన పరిచి, అన్నిటికీ ఒకటే సంచి, ఒకటే పేరు.

అవతల తిన్నవాళ్ళకి మొహం ఎర్రబడి, ఒళ్ళంతా దురద, వాంతులు. కానాగంత, సూర (ట్యూనా) లాంటి చేపలు వేడికి చిక్కితే వాటిలో హిస్టమిన్ పుడుతుంది, ఎంత ఉడికించినా అది పోదు. ఈ ముక్క మాకప్పుడు తెలియదు. మొప్ప చూసి వద్దనడం మాత్రం తెలుసు. ఆ బాబు బదిలీ మీద వెళ్ళిపోయాడు. సంచి మీద ఉన్నది మన తీరం పేరు కాబట్టి మాట మనమీదే పడింది. ఆ తర్వాత బరంపురంలో కూడా మీ అమ్మ తట్ట చూడగానే మొహం తిప్పుకున్నవాళ్ళున్నారు. వద్దని చెప్పిన మనిషికే ఆ శిక్ష పడింది. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ట్రైనింగులో అమెరికాలోని అలాస్కా గురించి చెప్పారన్నావు కదా, మనవడి చేత వెతికించి విన్నాను. అక్కడి చేపల్ని అమ్మి పెట్టే రాష్ట్ర సంస్థ 1981లో పుట్టిందట. చేప కొని శుద్ధి చేసే కంపెనీలే సరుకు విలువలో కొంత కట్టి దాన్ని నడిపిస్తాయట. మరుసటి ఏడాదే, 1982లో, అక్కడి డబ్బాలో వచ్చిన సాల్మన్ చేప తిని బెల్జియంలో ఒక మనిషి చనిపోయాడు. రేకు డబ్బాకి పడ్డ చిన్న చిరుగే కారణం. కోట్ల డబ్బాలు వెనక్కి తెప్పించాల్సి వచ్చింది. తెప్పించగలిగారు చూడు, అదీ నేను చెప్పేది. ఏ డబ్బా ఎక్కడ తయారైందో దాని మీద గుర్తు ఉంది. మన సంచి మీద చేప బొమ్మ తప్ప ఏముంది? ఏ నావ, ఏ రోజు, ఎవరు తూచారు, ఏమీ లేదు.

కాబట్టి నీ మొదటి పోరు ప్రచారం మీద కాదు, పెట్టె మీద రాసే ఆ మూడు ముక్కల మీద. పోస్టర్లు తర్వాత వేసుకోవచ్చు. వద్దన్న చేపని వద్దన్నట్టే రాసే పుస్తకం ఒకటి పెట్టు, వద్దన్న మనిషి పేరుతో సహా. అలాస్కా బోర్డులో ఏడుగురుంటే ఇద్దరు వేటకెళ్ళే వాళ్ళే ఉంటారట. మీ కమిటీలో రేవు ఆడది ఒక్కతైనా ఉందా? అడుగు. అడిగితే ఉద్యోగం పోదు. పోతే నేనున్నాను.

ఇంకోటి. నావలవాళ్ళు చాలామంది షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటారు. ఆ అప్పు తీరేదాకా చేప అతనికే ఇవ్వాలి. నువ్వు కిలోకి పది రూపాయలు ఎక్కువిస్తానన్నా వాళ్ళు తల దించుకుంటారు. దాన్ని పొగరనుకోకు. ముందు ఎవరికి ఎంత బాకీ ఉందో కూర్చుని విను, ఆ తర్వాత ధర మాట్లాడు. ఒడియాలో రాసిన కాగితం మీద వేలిముద్ర వేయించుకునే ముందు తెలుగులో చదివి వినిపించు. నువ్వు చదివితే నమ్ముతారు. ఆ నమ్మకం పెద్ద బరువు తల్లీ, జాగ్రత్త.

డబ్బు సాయంత్రానికే అందాలి. నువ్వు చిన్నప్పుడు మీ అమ్మ రాలేదని గుమ్మంలో ఏడుస్తూ కూర్చునేదానివి. సరుకు అమ్ముడైనా చేతికి డబ్బు రాక ఆమె బజారులో ఆగిపోయిన రోజులవి. బ్యాంకులో పడుతుందంటే ఏ తారీఖుకో రాయించు.

రాత్రిపూట ఐసు లారీ ఎక్కి భువనేశ్వర్ వెళ్ళకు. హైవే మీద ఆ లారీలు ఎలా పోతాయో నేను చూశాను. ఎంత అర్జెంటయినా తెల్లవారుజాము బస్సులో వెళ్ళు. తుఫాను కబురు వస్తే తూకం మధ్యలో వదిలేసి అయినా ఆడవాళ్ళని ముందు ఇంటికి పంపు. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు పెట్టెలు కాపాడుకుందామని ఒడ్డునే నిలబడ్డ పిచ్చివాళ్ళని చేయి పట్టుకుని లాక్కురావాల్సి వచ్చింది.

పొద్దున్నే ఖాళీ కడుపుతో రేవుకి వెళ్ళకు, నీకు పైత్యం చేస్తుంది. వచ్చే వారం మన రేవుకే వస్తున్నావట కదా. మీ ఆఫీసరుని కూడా వెంటబెట్టుకురా. కానాగంత మొప్ప ఎలా చూడాలో ఆయనకి నేనే చూపిస్తాను.

మీ పెద్దమ్మ