పొగ గొట్టం పక్కింటి కిటికీ వైపు ఉంటే?

ప్రశ్న: లాయర్ గారూ, మాది పలమనేరు. రిటైరయ్యాక సొంత ఇంటికి వచ్చేశాను. మా అమ్మకు ఎనభై దాటాయి. మార్గశిరం వచ్చిందంటే ఆమెకు మోకాళ్ళు పట్టేస్తాయి. అమెరికాలో మిన్నెసోటాలో మా అబ్బాయి ఇంట్లో ఇనుప కట్టెల పొయ్యి చూశాను. ఇక్కడ వెల్డింగ్ షాపులో అలాంటిదే చేయించి హాల్లో పెట్టాను. సాయంత్రం అమ్మ దాని ముందు కూర్చుంటే ముఖం వెలిగిపోతుంది. చలి గాలి రాకుండా తలుపులు, కిటికీలు పూర్తిగా మూసేస్తున్నాం. గొట్టం గోడలోంచి బయటికి తీశాం, ఫోటో పంపుతున్నాను. పక్కింటాయన తన మేడ గదిలోకి పొగ వస్తోందని, పాపకు ఉబ్బసం ఎక్కువైందని మున్సిపాలిటీలో ఫిర్యాదు చేశారు. నోటీసు వచ్చింది. పోలీసు కేసు కూడా పెడతానంటున్నారు. మా తాతల కాలం నుంచి మా పెరట్లో రేకుల కింద కట్టెల పొయ్యి ఉంది కాబట్టి మాకు హక్కు ఉన్నట్టే కదా? నన్ను అరెస్టు చేస్తారా? కట్టెలు అడవి వైపు నుంచి సైకిల్ మీద తెచ్చేవాళ్ళ దగ్గర కొంటున్నాను, దానితో ఏమైనా చిక్కా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు అరెస్టు భయం తీసేయండి. ఇంట్లో కట్టెల పొయ్యి పెట్టుకోవడం నేరం కాదు. 1981 నాటి వాయు కాలుష్య చట్టం ముందస్తు అనుమతి తీసుకోమనేది పరిశ్రమలను. ఇంటి పొయ్యికి లైసెన్సు కావాలని అది ఎక్కడా అనలేదు. చలికి వణికే తల్లికి వెచ్చదనం ఇవ్వాలనుకోవడంలో తప్పేమీ లేదు. చిక్కంతా పొయ్యితో కాదు, గొట్టంతో వచ్చింది.

మీరు పంపిన ఫోటో రెండుసార్లు చూశాను. మీ గొట్టం గోడ బయట మోచేతిలా వంగి, సన్‌షేడ్ దాటి రెండు జానలైనా పైకి లేవకుండా ఆగిపోయింది. దాని మూతికి ఎదురుగానే పక్కింటి మేడ గది కిటికీ ఉంది. కిటికీ పక్క సున్నం మీద నల్లటి చార కూడా కనిపిస్తోంది. కేసు కోర్టుకు వెళితే వాళ్ళ లాయరు ముందు చూపించేది ఆ చారనే.

చట్టం పక్కింటాయనకు ఇచ్చిన హక్కు పాతది, గట్టిది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం (ఒకరి స్థలానికి పొరుగు స్థలం మీద ఉండే హక్కుల గురించిన చట్టం) మొదట్లోనే మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించింది. అప్పట్లో ఉత్తర ఆర్కాటులో ఉన్న మన చిత్తూరు ప్రాంతం ఆ రోజు నుంచీ దాని కిందే ఉంది. తన స్థలంలోకి వచ్చే గాలిని ఇతరులు అనుచితంగా చెడగొట్టకుండా చూసుకునే హక్కు ప్రతి యజమానికీ ఉందని దాని 7వ సెక్షన్ చెబుతుంది. ఇరుగుపొరుగు అన్నాక కొంచెం పొగ, పోపు ఘాటు, మిక్సీ చప్పుడు తప్పవు. వాటిని భరించమనే కోర్టులు అంటాయి. అంతకు మించిందా అన్నది తేల్చడానికి పొగ ఎన్ని గంటలు వస్తోంది, ఎంత దగ్గర నుంచి వస్తోంది, ఏ గదిలోకి వెళుతోంది, చిన్న మార్పుతో ఆపగలిగీ ఆపలేదా అని చూస్తాయి. ఈ చివరి ప్రశ్న దగ్గర మీ కేసు బలహీనంగా ఉంది.

1982లో అలహాబాదు హైకోర్టు తీర్పు ఒకటుంది. ఒక డాక్టరు గారి క్లినిక్ దగ్గర్లో ఇటుకలు పొడి చేసే మిషన్ పెట్టారు. దుమ్ము క్లినిక్‌లోకి, పేషెంట్ల మీదకు వచ్చేది. కోర్టు డాక్టరు గారి పక్షానే నిలిచి మిషన్ ఆపించింది. మీది వ్యాపారం కాదు, మిషనూ కాదు. అయినా న్యాయసూత్రం అదే. పాపకు ముందే ఉబ్బసం ఉంది కాబట్టి తప్పు మాది కాదని వాదించాలని మీకు అనిపించవచ్చు. మామూలు మనిషికి ఇబ్బంది లేకుండా, అతి సున్నితమైనవారికే ఇబ్బంది అయితే ఆ వాదనకు కొంత బలం ఉంటుంది. కానీ పొగ నేరుగా కిటికీలోకి కొడుతుంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకైనా కళ్ళు మండుతాయి. ఆ వాదన జోలికి వెళ్ళకండి. ఒక చిన్నపిల్ల జబ్బును వాదనగా వాడటం నాకు ఇష్టం కూడా లేదు.

తాతల కాలం నుంచి ఉందన్న మాటకు వద్దాం. ఇరవై ఏళ్ళ పాటు బాహాటంగా, శాంతియుతంగా, హక్కుగా, ఆటంకం లేకుండా అనుభవిస్తే ఈజ్‌మెంట్ హక్కు సంక్రమిస్తుందని అదే చట్టం 15వ సెక్షన్‌లో ఉంది. కానీ మీ పాత పొయ్యి పెరట్లో రేకుల కింద ఉండేదని మీరే రాశారు. దాని పొగ ఒక దిక్కుకు పోయేది. ఇప్పుడు హాల్లోంచి కొత్త గొట్టం వేరే దిక్కుకు తీశారు. పాత హక్కు ఉందనుకున్నా, పొరుగువారి మీద భారం పెరిగేలా దాన్ని మార్చుకునే వీలు లేదు. ఆ మాట మీద కేసు నిలవదు.

క్రిమినల్ కేసు సంగతి చెబుతాను. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 280వ సెక్షన్ గాలిని ఆరోగ్యానికి హానికరంగా చేయడం గురించి, 292వ సెక్షన్ పబ్లిక్ న్యూసెన్స్ గురించి. రెండిటికీ శిక్ష వెయ్యి రూపాయల లోపు జరిమానాయే. వారంట్ లేకుండా పోలీసులు అరెస్టు చేసే నేరాలు కావవి. పైగా అవి చుట్టుపక్కల జనానికి, దారిన పోయేవారికి కలిగే హాని గురించిన సెక్షన్లు. ఒక్క ఇంటి కిటికీ గొడవ వాటిలో ఇమడటం కష్టం. 287వ సెక్షన్ మాత్రం వేరు. నిప్పుతో అజాగ్రత్తగా ఉండి ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు వేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మీ గొట్టం లోంచి నిప్పురవ్వలు ఎగిరి పక్కవాళ్ళ గడ్డివామి మీద పడే పరిస్థితి ఉంటే దీని గురించి నిజంగానే భయపడాలి.

అసలు ఒత్తిడి సివిల్ కోర్టు నుంచి వస్తుంది. పక్కింటాయన శాశ్వత ఇంజంక్షన్ (పొగ ఆపమనే కోర్టు ఉత్తర్వు) కోసం దావా వేసి, అది తేలేదాకా తాత్కాలిక ఉత్తర్వు అడగవచ్చు. కోర్టు ఒక అడ్వకేట్ కమిషనర్‌ను పంపవచ్చు. ఆయన వచ్చి గొట్టానికీ కిటికీకీ దూరం కొలిచి, ఫోటోలు తీసి రిపోర్టు ఇస్తారు. ఇప్పుడున్న గొట్టంతో ఆ రిపోర్టు మీకు అనుకూలంగా రాదు.

అందుకే కోర్టు మాట పక్కన పెట్టి ఈ వారమే గొట్టం పైకి తీయించండి. చలి దేశాల్లో ఈ పొయ్యిల అనుభవం ఎక్కువ. అమెరికాలో పాటించే లెక్క ప్రకారం గొట్టం కప్పు దాటే చోటు నుంచి కనీసం మూడు అడుగులు పైకి ఉండాలి. చుట్టూ పది అడుగుల లోపు ఉన్న కట్టడం కన్నా కనీసం రెండు అడుగులు ఎత్తు ఉండాలి. పక్కింటి మేడ ఆ దూరంలో ఉంది కాబట్టి దాని కన్నా ఎత్తుకు లేపాల్సిందే. వంపులు తగ్గిస్తే గొట్టం పొగను పైకి బాగా లాగుతుంది. కప్పు దాటే చోట దూలానికి, చెక్కకు వేడి గొట్టం తగలకూడదు.

రెండోది కట్టె. పచ్చి కట్టె కాలదు, ఉడుకుతుంది. దాని పొగలోని తారు గొట్టం లోపల అట్టగట్టి, ఒకరోజు అదే అంటుకుంటుంది. పొయ్యిలో వేసే కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలని ఆ దేశాల్లో చెబుతారు. ఇంగ్లండ్‌లో 2021 నుంచి చిన్న మొత్తాల్లో అమ్మే కట్టెకు అది చట్టమే. మన దగ్గర మామిడి మొద్దును చీల్చి, నేలకు ఆనకుండా పేర్చి, పైన రేకు కప్పి ఒక ఎండాకాలం గడవనిస్తే చాలావరకు ఆరుతుంది. రెండు ముక్కలు ఒకదానికొకటి కొడితే ఎండినది ఖంగుమంటుంది, పచ్చిది దబ్‌మంటుంది. ప్లైవుడ్ ముక్కలు, రంగు వేసిన చెక్క, ప్లాస్టిక్ కవర్లు అందులో వేయకండి. మీ అబ్బాయి ఇంట్లో పొయ్యి సంగతి వేరు. అమెరికాలో కొత్తగా అమ్మే పొయ్యిలకు 2020 నుంచి గంటకు సుమారు 2 గ్రాముల పొగరేణువులు మించకూడదన్న పరిమితి ఉంది, ల్యాబ్‌లో పరీక్షించాకే అమ్ముతారు. అక్కడ మైనస్ 30 డిగ్రీలకు పడిపోయే రాత్రులుంటాయి కాబట్టి పొయ్యి రాత్రంతా మండాలి. పలమనేరు రెండు వేల అడుగుల పైన ఉంది, చలి నిజమే, కానీ మీకు సాయంత్రం రెండు మూడు గంటల మంట సరిపోతుంది.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. చలి గాలి రాకుండా తలుపులు, కిటికీలు పూర్తిగా మూసేస్తున్నామని రాశారు. దయచేసి అలా చేయకండి. గాలి చాలక కట్టె సరిగ్గా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగతతో మొదలై నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పొగ కనపడదని బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకోవడం ఇంకా ప్రమాదం. ఉత్తరాదిలో ప్రతి చలికాలం అలాంటి మరణాల వార్తలు చదువుతూనే ఉన్నాం. ఒక కిటికీ రెక్క కొంచెం తెరిచి ఉంచండి. అమ్మ పడుకునే ముందు నిప్పు పూర్తిగా ఆర్పండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, తప్పకుండా కొనండి. కేసు ఓడిపోతే మళ్ళీ అప్పీలుకు వెళ్ళొచ్చు, దీనికి ఆ అవకాశం లేదు.

ఇక కట్టెలు కొనే సంగతి. ఇది వెంటనే మానేయండి. మీకు దగ్గర్లోని కౌండిన్య అభయారణ్యంలోంచి అనుమతి లేకుండా పుల్ల తీసుకురావడం కూడా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. రిజర్వు ఫారెస్టు కట్టెకు 1967 నాటి ఏపీ అటవీ చట్టం ఉంది. తెలియక కొన్నానంటే అధికారులు వింటారన్న నమ్మకం పెట్టుకోవద్దు. ఆ మోపులో ఎర్రచందనం ముక్క ఒక్కటి దొరికినా మన జిల్లాలో అది ఎంత పెద్ద కేసో మీకు తెలుసు. టౌన్లో కట్టెల అడితిలో కొని బిల్లు దాచుకోండి. మీ తోటలో చెట్టు కొట్టించాలంటే వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల సంరక్షణ చట్టం) కింద అనుమతి కావాలో లేదో ముందుగా ఫారెస్టు రేంజ్ ఆఫీసులో అడగండి. కొన్ని జాతులకే మినహాయింపు ఉంటుంది.

మున్సిపాలిటీ నోటీసుకు గడువు లోపల రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. గొట్టం ఎత్తిస్తున్నామని, ఏ తేదీకి పూర్తవుతుందో రాసి, పని అయ్యాక ఫోటోలు జత చేయండి. ఇచ్చిన కాగితం కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆ కాపీ ఒకటి తీసుకుని పక్కింటికి మీరే వెళ్ళండి, లాయరును పంపకండి. పాప ఎలా ఉందని ముందు అడగండి. పొయ్యి ఏ వేళల్లో వెలిగించాలో ఇద్దరూ మాట్లాడుకుని ఒక కాగితం మీద రాసుకుని సంతకాలు చేయండి. మాటలతో కుదరకపోతే దావా పడకముందే మండల న్యాయ సేవాధికార కమిటీకి అర్జీ పెట్టి లోక్ అదాలత్‌లో కూర్చోవచ్చు. ఫీజు ఉండదు. అక్కడ ఇద్దరూ ఒప్పుకుంటే ఇచ్చే అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీకి ఉన్నంత విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. వివరాలకు న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి.