రైడ్ ప్రమాదాల వీడియోలు చూస్తుంటే భయమేస్తోంది, పిల్లల్ని ఎక్కించవచ్చా?

ఫోన్ తెరిస్తే చాలు, ఎక్కడో జెయింట్ వీల్ విరిగిందనో, రోలర్ కోస్టర్ మీద జనం ఇరుక్కుపోయారనో వీడియో కనబడుతోంది. ఇందులో నిజం ఎంత, టీవీలూ యూట్యూబ్ చానళ్లూ పెంచి చెప్పేది ఎంత, సెలవుల్లో పిల్లల్ని ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లవచ్చా అని అడిగారు. నేను పుట్టి పెరిగింది తిరుపతిలో. మెకానికల్ డిప్లొమా అయ్యాక చెన్నై దగ్గర ఒక పెద్ద పార్కులో రైడ్ల మెయింటెనెన్స్‌లో కొన్నేళ్లు పనిచేశాను. ఇప్పుడు శ్రీసిటీలో వేరే ఉద్యోగం. అయినా ఎక్కడ రైడ్ కనబడినా ఇప్పటికీ ముందు దాని పునాది వైపే చూపు పోతుంది.

తీసుకెళ్లండి. కాకపోతే వార్తలు చూసి మనం దేనికి భయపడుతున్నామో, ఆ భయంలో చాలా భాగం గురి తప్పింది. ముఖ్యంగా రైడ్ మధ్యలో ఆగిపోవడం గురించి.

ఒక ఏడాది గంగజాతర ముగిసిన రోజుల్లో ఊళ్లో ఎగ్జిబిషన్ వేశారు. చిత్తూరు నుంచి మా అక్కా, పిల్లలూ వచ్చి ఉన్నారు. పెద్దోడు జెయింట్ వీల్ ఎక్కాలని ఒకటే గోల. లైన్లో నిలబడి ఉండగా కరెంటు పోయింది. గ్రౌండంతా చీకటి. చక్రం చిన్న కుదుపుతో టక్కున నిలబడిపోయింది. పై తొట్టెల్లోంచి అరుపులు మొదలయ్యాయి. కింద ఉన్నవాళ్లు అంతకంటే ఎక్కువ అరిచారు.

దాన్ని నడిపే ఆయన వేలూరు వైపు మనిషి, యాభై దాటి ఉంటాయి. "ఎవురూ లేయొద్దండి, బండి లాక్‌లో ఉండాది, నేను దించతా" అని గొంతెత్తి రెండు మూడుసార్లు చెప్పాడు. అలాంటి చక్రాలకు కరెంటు ఉంటేనే వదిలే బ్రేకు ఉంటుంది. కరెంటు పోయిందంటే లోపలి స్ప్రింగు దాన్ని దానంతటదే బిగించేస్తుంది. జనరేటర్ కోసం ఆయన ఆగలేదు. చేత్తో బ్రేకు కొంచెం కొంచెంగా వదులుతుంటే ఇద్దరు కుర్రాళ్లు చక్రం అంచు పట్టుకుని తిప్పారు. ఒక తొట్టె ఖాళీ అయ్యాక దాని పక్కదాన్ని దించలేదు, సరిగ్గా ఎదురుగా ఉన్నదాన్ని కిందికి తెచ్చారు. ఒకవైపే ఖాళీ చేస్తూ పోతే రెండోవైపు బరువుకి చక్రం గిర్రున తిరిగిపోతుంది కాబట్టి. పుస్తకంలో రాసినట్టు చేశాడాయన. అందరూ దిగేసరికి అరగంట దాటింది. ఒక్కరికి గీత కూడా పడలేదు.

మేం ఇల్లు చేరేలోపే వీడియో వచ్చేసింది. "తిరుపతిలో ఘోరం! గాల్లో ప్రాణాలు!" అని ఎర్రక్షరాలు. పైన పెట్టిన బొమ్మలో ఒక ఎత్తైన టవర్ రైడ్ జనంతో సహా నేలకు గుద్దుకుంటోంది. అది తిరుపతి కానే కాదు. 2022 సెప్టెంబర్‌లో పంజాబ్‌లోని మొహాలీ ఎగ్జిబిషన్‌లో జరిగింది. చిత్తూరు నుంచి మా అక్క అత్తగారు ఫోన్ చేసి ఏడుపు. పిల్లల చేత మాట్లాడిస్తే గానీ ఆమె నమ్మలేదు.

అదే రాత్రి, అదే గ్రౌండ్‌లో, కొలంబస్ షిప్ దగ్గర నేను చూసింది వేరు. చివరి వరసలో ఒడి మీదికి దించే కమ్మీకి ఒక పక్క లాక్ పిన్ లేదు. దాని బదులు నీలం రంగు నైలాన్ తాడు రెండు చుట్లు చుట్టి ముడేశారు. కొలంబస్‌లో చివరి వరసే అన్నిటికంటే పైకి లేస్తుంది, సీట్లోంచి ఒళ్లు తేలిపోయేది కూడా అక్కడే. నడిపే కుర్రాడికి చూపిస్తే "గట్టిగానే ఉందన్నా" అన్నాడు. ఆ వరసలో ఎవరినీ కూర్చోబెట్టొద్దని నేను గట్టిగా పట్టుబట్టాక సీటుకి అడ్డంగా అదే తాడు కట్టి వదిలేశాడు. మనిషి చచ్చిపోగలిగిన తప్పు ఆ గ్రౌండ్ మొత్తానికి అదొక్కటే. దాన్ని ఎవరూ వీడియో తీయలేదు, చూపించడానికి అందులో అరుపులేమీ లేవు మరి.

ఇంట్లో ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటును దానంతటదే ఆపేసే స్విచ్) ట్రిప్ అయితే ఇల్లు తగలబడిందని ఎవరమూ అనుకోం. రైడ్ ఆగడమూ అలాంటిదే. రోలర్ కోస్టర్ పట్టాలను కొన్ని భాగాలుగా విడగొట్టి, ఒక భాగంలో ఒక రైలు ఉండగా రెండోది అందులోకి రాకుండా కంప్యూటర్ చూసుకుంటుంది. ఏ సెన్సర్‌కి అనుమానం వచ్చినా వెనక వస్తున్న రైలును ఆపేస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు కింద టకటకమని వినిపించే శబ్దం కూడా రక్షణే. గొలుసు తెగినా రైలు వెనక్కి జారకుండా పంటికీ పంటికీ పట్టుకునే ఇనుప కొక్కేల చప్పుడది. ఎత్తు మీద ఆగితే పక్కనున్న మెట్ల మీదుగా దింపేస్తారు. మా పార్కులోనూ సెన్సర్ మీద దుమ్ము పడినా, వాన తుంపర పడినా రైడ్ ఆగేది. మేం వెళ్లి, కళ్లతో చూసి, కారణం తెలుసుకుని మళ్లీ వదిలేవాళ్లం. ఆ 'కళ్లతో చూసి' అన్న మాటలోనే ఉంది అంతా.

ఇంగ్లండ్‌లో ఆల్టన్ టవర్స్ అనే పెద్ద పార్కు ఉంది. అక్కడి స్మైలర్ అనే కోస్టర్‌లో 2015 జూన్ 2న ఖాళీగా వదిలిన ఒక రైలు మధ్యలో నిలిచిపోయింది. వెనక జనంతో బయల్దేరిన రైలును కంప్యూటర్ సరిగ్గానే ఆపేసింది. పట్టాల మీద ఇంకో రైలు ఉన్న సంగతి తెలియని సిబ్బంది అది తప్పుడు సిగ్నల్ అనుకుని, కంప్యూటర్‌ను పక్కనపెట్టి చేత్తో రైలు వదిలారు. అది వెళ్లి ఆగి ఉన్నదాన్ని గుద్దింది. 16 మంది గాయపడ్డారు, ఇద్దరు అమ్మాయిలకు ఒక్కో కాలు తీసేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది కోర్టు కంపెనీకి 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. అంటే ఆగడం వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఆగినదాన్ని తొందరపడి కదిలించడం వల్ల కాళ్లు పోయాయి.

అందుకే ఆ ఎర్రక్షరాల వీడియోలంటే నాకు కోపం. నడిపేవాడికి ఏం నేర్పుతున్నాం? రైడ్ ఆపితే రాత్రికి వైరల్ అవుతావు, పొద్దున ఓనరు తిడతాడు, ఎగ్జిబిషన్ మూసేయమంటారు. ఏదో తేడాగా ఉన్నా ఆపకుండా ఆ రౌండు లాగించెయ్ అని. వేలూరు ఆయన చేసిన మంచి పనికి దక్కింది 'ఘోరం' అన్న పేరు. తాడు కట్టినవాడికి ఏమీ కాలేదు.

అసలు కారణాలు ఎప్పుడూ ఆలస్యంగానే బయటికొస్తాయి. 2017 జులైలో అమెరికాలోని ఒహాయో స్టేట్ ఫెయిర్‌లో ఫైర్ బాల్ అనే రైడ్ తిరుగుతుండగానే ఒక వరస సీట్లు ఊడిపోయాయి. ఒక యువకుడు చనిపోయాడు, ఏడుగురు గాయపడ్డారు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. సీట్లను మోసే దూలం లోపలివైపు ఏళ్ల తరబడి తుప్పు పట్టి, గోడ పలచబడిందని కొద్దిరోజుల తర్వాత తయారీదారు చెప్పాడు. దూలం పైపైన ఎంత చూసినా లోపలి తుప్పు కంటికి దొరకదు. ఆ రైడ్ పేరు చెప్తే వీడియో గుర్తొచ్చేవాళ్లు నాకు చాలామంది తెలుసు, తుప్పు సంగతి తెలిసినవాళ్లు మాత్రం మా పనివాళ్లే. 2022 మార్చిలో ఫ్లోరిడాలోని ఓర్లాండోలో టవర్ రైడ్ నుంచి 14 ఏళ్ల అబ్బాయి జారిపడి చనిపోయాడు. ఆ సీటు సెన్సర్‌ను ఎవరో చేత్తో సవరించారని, దాంతో బార్ సరిగా దిగకపోయినా గ్రీన్ లైట్ వెలిగిందని విచారణలో తేలింది. రైడ్ కూలలేదు, విరగలేదు. ఒక సీటు, ఒక సెన్సర్, అంతే.

మన దేశంలోనూ చూడండి. 2016 మేలో చెన్నై శివార్లలోని కిష్కింత పార్కులో ట్రయల్ రన్ చేస్తుండగా డిస్కో డాన్సర్ అనే రైడ్ విరిగి, ఎక్కిన సిబ్బందిలో ఒకరు చనిపోయారు. 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియా దగ్గర లోలకంలా ఊగే రైడ్ విరిగిపడి ఇద్దరు చనిపోయారు, పాతిక మందికి పైగా గాయపడ్డారు. 2024 నవంబరులో మన తిరుపతి శిల్పారామంలోనే క్రాస్ వీల్ మీదనుంచి ఇద్దరు మహిళలు కిందపడ్డారు, ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. ఆ వార్త మా వీధిలో తెలియనివాళ్లు లేరు. ఏ భాగం విఫలమైంది, దాన్ని చివరిసారి పరీక్షించింది ఎవరు అని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. మనకు కావలసిన వార్త ఆ రెండోది. చనిపోయిన మనిషి ఇంటి గుమ్మంలో మైకు పెట్టి "ఎలా అనిపిస్తోంది" అని అడగడం నాకు చూడబుద్ధి కాదు.

మెయింటెనెన్స్ అంటే ఏం చేస్తారో కొంచెం చెప్తాను, దాన్నిబట్టి మీరే చూసుకోవచ్చు. పొద్దున గేటు తెరవకముందే ప్రతి రైడ్‌నూ మనుషులు లేకుండా, అవసరమైతే ఇసుక మూటలు పెట్టి తిప్పుతాం. ముఖ్యమైన ప్రతి నట్టు మీదా, దాని పక్క ఇనుము మీదా కలిపి ఒకే గీతగా రంగు గీస్తాం. నట్టు ఒక్క పిసరు వదులైనా గీత రెండుగా విడిపోతుంది, టార్చిలైటు వేస్తే దూరం నుంచే తెలిసిపోతుంది. వెల్డింగ్ మీద అనుమానం ఉంటే ఎర్రటి ద్రవం పూసి, కాసేపాగి, శుభ్రంగా తుడిచి, పైన తెల్లటి పొడి స్ప్రే చేస్తాం. పగులు ఉంటే లోపల దాక్కున్న ఎరుపు వెంట్రుక మందాన గీతలా తెలుపు మీదికి తేలుతుంది. మొదటిసారి అలా గీత తేలడం చూసినప్పుడు నాకు చెమట పట్టింది. పైన కొత్త పెయింటుతో నిగనిగలాడుతున్న ఇనుము అది.

పార్కుల్లో రైడ్ ఒకేచోట ఉంటుంది, ఈ పని రోజూ జరగడానికి వీలుంటుంది. అమెరికాలో స్థిరంగా ఉండే పార్కుల్లో తీవ్రమైన గాయం అయ్యే అవకాశం సుమారు 1.55 కోట్లసార్లు ఎక్కితే ఒకసారి అని అక్కడి పరిశ్రమ ఏళ్ల తరబడి చెప్పుకున్న లెక్క. ఆ లెక్క చూపించి "ఏం కాదు" అనేవాళ్లను మన ఎగ్జిబిషన్ విషయంలో నమ్మకండి. ఊరూరా తిరిగే రైడ్‌ను ప్రతిసారీ విప్పుతారు, లారీకెక్కిస్తారు, మళ్లీ బిగిస్తారు. ప్రతి విప్పుడులో ఒక పిన్ను ఇసుకలో పడిపోవచ్చు, ప్రతి కొత్త గ్రౌండ్‌లో నేల ఒక పక్క మెత్తగా ఉండొచ్చు. రెండింటినీ ఒకే గాటన కట్టి "రైడ్లంటేనే ప్రాణాంతకం" అని చెప్పే వార్త వల్ల పార్కుకి వెళ్లేవాళ్లు అనవసరంగా భయపడుతున్నారు, ఎగ్జిబిషన్‌కు వెళ్లేవాళ్లు దేన్ని చూడాలో తెలియకుండానే వెళ్తున్నారు.

పిల్లల్ని తీసుకెళ్తే టికెట్ కొనేముందు ఒక్క రౌండు పక్కన నిలబడి చూడండి. నడిపే మనిషి ప్రతి సీటు దగ్గరికీ వచ్చి కమ్మీ దించి, ఒకసారి లాగి చూస్తున్నాడా, లేక దూరం నుంచి విజిలేసి స్విచ్ నొక్కేస్తున్నాడా గమనించండి. కాళ్ల కింద పెట్టిన చెక్క దిమ్మెలు నేలలోకి దిగబడి ఒరిగి ఉన్నాయా చూడండి. వాన పడిన మరుసటి రోజైతే ఇంకా జాగ్రత్తగా. పిన్ను ఉండాల్సిన చోట తాడో బైండింగ్ వైరో కనబడితే వెనక్కి వచ్చేయండి. ఎత్తు చాలని పిల్లాడిని "ఎక్కించను" అంటే ఆయనతో గొడవ పడకండి, బతిమాలకండి కూడా. కమ్మీ పెద్దవాళ్ల ఒడికి ఆనితే, మధ్యలో కూర్చున్న సన్నటి పిల్లలకు జానెడు సందు మిగిలిపోతుంది. అందుకే చిన్నపిల్లల్ని పెద్దవాళ్ల మధ్య ఇరికించి కూర్చోబెట్టడం నాకు అసలు ఇష్టం ఉండదు. చున్నీలు, కొంగులు ముడేసుకోమనండి. సెల్ఫీ కోసం కమ్మీ కింద నుంచి చెయ్యి బయటికి తీయనివ్వకండి. మధ్యలో ఆగితే కూర్చున్నచోటే కూర్చోవాలని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. దూకబోవడం వల్ల వచ్చే ముప్పు ఆగడం వల్ల రాదు.

వీడియోలన్నీ చెడ్డవని నేను అనడం లేదు. 2023 జూన్‌లో అమెరికాలోని కారోవిండ్స్ పార్కులో ఫ్యూరీ 325 అనే పెద్ద కోస్టర్ స్తంభం పైభాగం పూర్తిగా పగిలి, రైలు వెళ్లినప్పుడల్లా పక్కకు కదులుతుంటే, పార్కుకి వచ్చిన ఒకాయన కింద నుంచి ఫోన్‌లో తీశాడు. అది చూపించాక రైడ్ మూసేశారు, స్తంభం మార్చారు. ఒక్కరికీ గాయం కాలేదు. ఆ వీడియోలో ఏడుపులు, మ్యూజిక్ ఏవీ లేవు. ఇనుములో పగులు ఉంది, అంతే.

మీకూ అలాంటిది ఏదైనా కంటపడితే ముందు నడిపే మనిషికి చూపించి ఆపమనండి. వినకపోతే ఆ పిన్ను, ఆ బోల్టు, ఆ దిమ్మె స్పష్టంగా కనబడేలా ఫొటో తీసి, రైడ్ పేరు, టైం రాసి గ్రౌండ్‌లో ఉన్న పోలీసుకి చూపించండి. ఎవరూ కనబడకపోతే 112కి ఫోన్ చేయండి. గ్రూపుల్లో పెట్టడం ఆ తర్వాత చూసుకోవచ్చు. పెట్టేటప్పుడు కూడా ఊరు, తేదీ తప్పకుండా రాయండి, ఇంకో ఊళ్లో ఇంకో అత్తగారు ఏడవకుండా.