నాయనమ్మ జీవిత రేఖలు రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

మొదటి వర్ధంతి కూడికలో పంచే పుస్తకం కోసం మీ నాయనమ్మగారి గురించి నువ్వు రాసిన నాలుగు పేజీలు చదివాను. ఆవిడ పేరు కొట్టేసి ఇంకొకరి పేరు పెట్టినా సరిపోతుంది. చిక్కంతా అక్కడే ఉంది. 'ప్రార్థనాపరురాలు', 'గుణవతియైన భార్య', 'అందరినీ ప్రేమించిన తల్లి' అంటావు. గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఏ క్రైస్తవ సంఘంలో ఏ పెద్దావిడ పోయినా చదివేవి ఈ మూడు మాటలే.

ప్రార్థన సంగతే తీసుకో. ఎన్నింటికి లేచేవారు? మంచం మీదే కూర్చునేవారా, చాప పరుచుకుని మోకరించేవారా? అన్నిటికన్నా ముఖ్యం పేర్ల వరుస. పెద్దవాళ్ల ప్రార్థనలో పేర్లు ఏళ్ల తరబడి ఒకే క్రమంలో వస్తాయి. పెద్దకొడుకు ముందా, తాగుడు మానని అల్లుడు ముందా, పక్కింటి హిందువుల పిల్ల ఎక్కడ వస్తుంది? ఆ గదిలో పడుకుని పెరిగిన మనవలకు ఆ వరుస నోటికి వచ్చే ఉంటుంది. అడిగి, ఉన్నది ఉన్నట్టు రాసుకో. ఆ వరుస ముందు నీ విశేషణాలన్నీ తేలిపోతాయి.

'ఉదారంగా ఇచ్చేవారు' అన్నావు. ఎసట్లో పోసే ముందు గుడికని పక్కన తీసిపెట్టే పిడికెడు బియ్యం ఏ డబ్బాలో వేసేవారు? పూటకు పిడికెడు అంటే సుమారు నలభై, యాభై గ్రాములు. రెండు పూటలా తీస్తే నెలకు రెండున్నర, మూడు కిలోలు. రేషన్ బియ్యం మీద ఆరుగురు పిల్లల్ని పెంచిన ఇంట్లో ఆ లెక్క చాలు, ఉదారం అన్న మాట అక్కర్లేదు. స్త్రీల సమాజం పాత పద్దుల పుస్తకం దొరికితే ఇంకా మంచిది.

తేదీల దగ్గరే ఎక్కువ తప్పులు దొర్లుతాయి. ఆధార్‌లో జనవరి 1 అని గానీ, బడి కాగితంలో జూలై 1 అని గానీ ఉంటే అనుమానించు. అవి చాలాసార్లు ఎవరో ఉజ్జాయింపుగా వేసినవి. గుడి బాప్తిస్మపు రిజిస్టరు చూడు. అయితే లూథరన్ సంఘాల్లో పసిబిడ్డలకే ఇస్తారు కాబట్టి ఆ తేదీ పుట్టుకకు దగ్గరగా ఉంటుంది. బాప్టిస్టు సంఘాల్లో తెలివి వచ్చాక ముంచి ఇస్తారు, దాన్నుంచి వయసు లెక్కగట్టకు. రిజిస్టరు చెదలు తినేసి ఉంటే పెద్ద సంతానం పదో తరగతి సర్టిఫికెట్ పట్టుకుని వెనక్కి లెక్కపెట్టు. 'ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు పెళ్లి' అంటే 1953, 'ఉప్పెన నాటికి చిన్నవాడు చంకలో ఉన్నాడు' అంటే 1977 నవంబరు.

నీ రెండో పేజీలో ఆవిడ 'క్లౌ దొర చేతి బాప్తిస్మం పొందారు' అని ఉంది. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ అయిన ఆ క్లౌ దొర 1910లోనే పోయారు. మీ నాయనమ్మగారు పుట్టింది ముప్ఫైలలో. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారే, వాళ్లలో ఆవిడ తాతో, ముత్తాతో ఉండి ఉండవచ్చు. ఇంట్లో చెప్పుకునే కథల్లో రెండు తరాలు ఇలా ఒకటైపోతుంటాయి. రుజువు దొరికితే ముత్తాత పేరుతో రాయి, లేకపోతే వదిలెయ్.

ఇంకొకటి జాగ్రత్తగా చూసుకో. గుడి రిజిస్టరులో ఒక పేరు, బడి కాగితాల్లో ఇంకో పేరు ఉండవచ్చు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దగ్గర్నుంచి క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. ఆ హోదా పోకూడదని బడిలో వేరే పేరు వేయించి ఉంటే అచ్చులో పెట్టేముందు ఇంట్లో ప్రతివాళ్లనీ అడుగు. ఒక్కరు వద్దన్నా ఆపెయ్.

భార్యగా ఆవిడ గురించి కొడుకుల్ని అడిగితే 'నాన్న మాట జవదాటలేదు' అంటారు. వాళ్లకు ఊహ తెలిసేసరికి ఆవిడకు ముప్ఫై దాటి ఉంటాయి. ఆ ముందు సంగతులు తోటికోడలికి తెలుస్తాయి. పొలం అమ్మకం, కూతురి నర్సు ట్రైనింగ్, ఈ రెంటిలో ఎవరి మాట నెగ్గిందో ఆ తోటికోడలినే అడుగు. మొండితనం ఒకటైనా బయటికొస్తుంది. ఇద్దరు చెబితే ఉంచు, ఒక్కరే చెబితే తీసెయ్.

వాక్యాలు జ్ఞాపకం మీద రాయకు. 'మంచి పోరాటము పోరాడితిని' అన్నది బైబిలు తెరిచి చూసి, రెండవ తిమోతి 4:7 అని వేసి, ఆ గ్రాంథికంలోనే ఉంచు. మిగతాదంతా మీ ఇంటి మాటలో ఉండాలి. 'నిద్రించిరి', 'చనిపోయారు' ఒకే పేరాలో కలపకు. పాటకు సంఖ్య కాకుండా పల్లవి రాయి, సంఘం మారితే పాటల పుస్తకమూ మారుతుంది. కూడికలో పైకి చదివేది నాలుగు వందల మాటలు దాటితే వెనక వరసలో పిల్లలు లేచిపోతారు. మిగతాది పుస్తకంలో ఉంచు.

చివరి పేజీలో 'ఆరుగురు సంతానం' అని రాశావు. మీ నాన్నగారు పంపిన కాగితంలో ఎనిమిది కాన్పులని ఉంది. ఆ ఇద్దరు ఏ ఊళ్లో పోయారో, వాళ్లకు పేర్లు పెట్టారో లేదో కనుక్కో. ప్రార్థనలో ఎవరూ పోల్చుకోలేని పేర్లు రెండు ఉన్నాయేమో చూడు. తోటికోడలికి తొంభై దాటాయన్నావు, ఈ ఆదివారమే వెళ్లు.